మాయాబజారు – చిన్నకోడూరు ప్రతి

మొన్నటి వేసవిలో నా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికా నుండి సెలవుపై వచ్చినప్పుడు మా యింటికి కూడా వచ్చాడు. పదవ తరగతిలో సంధులు సరిగా చెప్పలేక నా చేత చీవాట్లు తిన్నవాడే. ఇప్పుడు పాశ్చాత్య సంగీతంలో అతనికి తెలియనిది లేదని వాళ్ళ నాన్న చెప్పాడు. నా చెవులకు ఏదో తగిలించి, "సార్, ఇది ఒక్కసారి వినుండ్రి. నచ్చకున్నా ఏమనుకోను" అన్నాడు. బీటిల్స్ అనే ఆంగ్ల గాయకబృందం 1968 నవంబరులో తెల్లని అట్టతో విడుదల చేసిన జంట రికార్డు అది. ముప్పై పాటలు. వాటిలో చాలా పాటలు ఆ యేడాది మొదట్లో మన ఋషీకేశంలో, ఆశ్రమవాసం చేస్తూ కట్టుకొన్నవట!

నా శిష్యుడు వినిపించదలచినది ఆ ముప్పై పాటలు కాదు. ఊరికి తిరిగి వెళ్ళాక, రికార్డింగు థియేటరుకు పోకముందు, మే నెలలో ఈషర్ అనేచోట తమలో ఒకరైన జార్జ్ హారిసన్ ఇంట్లో కూర్చుని పాడుకొన్న చిత్తుప్రతులు. ఇరవై యేడు పాటలు. యాభై యేళ్ళ తరువాత, 2018లో వాటిని శుభ్రపరచి అభిమానులకు అందించారు. కేకలు, డప్పుల మోత లేకుండా, గిటారు మీటుతూ నలుగురు కూడి పాడుకొంటుంటే నిజం చెప్పవద్దూ, మా ఊరి శనివారపు భజన జ్ఞాపకం వచ్చింది. ఆ పాటల్లో ఒకదానికి పాపం తెల్ల అట్టలో చోటే దొరకలేదు. దాని బాణీని జాన్ లెనన్ దాచుకొని, మాటలు పూర్తిగా మార్చి 1971లో మరొక పాటగా వెలువరించాడు. హారిసన్ వ్రాసిన మరొక పాటనైతే థియేటరులో నూరుసార్లకు పైగా పాడి కూడా చివరకు పక్కన పెట్టేశారట. థియేటరులో పాడిన ఆ ప్రతి అధికారికంగా వెలువడేసరికి 1996 వచ్చింది.

శిష్యుడు ఇదంతా ఒక వింతగా చెప్పుకొచ్చాడు గాని నాకు వింత అనిపించలేదు. తాళపత్రాలు ముందు పరచుకొని కూర్చొనే పరిష్కర్తలు చేసేది ఇదే గదా! ఇక్కడ ఒక పాఠం, అక్కడ ఒక పాఠాంతరం, ఒక ప్రతిలో లోపించిన పద్యం మరొక ప్రతిలో దొరకడం, కవి దిద్దుకొన్నాడా, లేక లేఖకుడు మింగేశాడా అన్న తర్జనభర్జన. బ్రౌను దొర వేమన పద్యాల కోసం ప్రతులు సేకరించినా, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఏ కావ్యంలోనూ చేరక జనం నాలుకల మీద తిరిగే చాటుపద్యాలను ఏరి కూర్చినా, ఆ తపన ఇటువంటిదే. పాటకు మాత్రం పాఠపరిష్కరణ ఎందుకుండకూడదు?

అతను వెళ్ళిపోయాక నాలో నేను వేసుకొన్న ప్రశ్న ఒకటే. అంతగా వెదకదగిన పాటల సంపుటి మనకేది? సమాధానం కోసం తడుముకోవలసిన పని లేకపోయింది. మాయాబజారు.

1957 మార్చి 27న విడుదలైన విజయావారి చిత్రం. కె.వి.రెడ్డిగారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావుగారి మాటలు, పాటలు, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం. ఇవన్నీ మీకు తెలిసినవే, పునరుక్తికి మన్నించండి. మీకు తెలియనిది, మా చిన్నకోడూరులో మాయాబజారు సినిమాగా కాక పాటల పెట్టెగా ముందు ప్రవేశించిందన్న సంగతి. నేను ప్రాథమిక పాఠశాలలో ఉండగా మా ఊళ్ళో సినిమాహాలు లేదు. సినిమా చూడాలంటే సిద్దిపేట పోవాలి. అది ఏడాదికి ఒకటో రెండో సార్లు, జాతరలాగ. కాని లగ్గాలు ప్రతి యేడూ అయ్యేవి, లగ్గమంటే మైకుసెట్టు తప్పనిసరి.

మా మైకుసెట్టు ఆయన (పేరు వ్రాయవద్దన్నాడు, ఇప్పుడు ఎనభై దాటాయి) రెండెడ్ల బండి మీద సామాను దించుకొనే దృశ్యం నా కళ్ళకు ఇప్పటికీ కడుతుంది. లౌడుస్పీకరు గొట్టాన్ని వేపచెట్టు కొమ్మకు ఎత్తి కట్టేవాడు. బ్యాటరీ, ఆంప్లిఫయరు, పాటపెట్టె, ఒక చిన్న డబ్బాలో ముళ్ళు. ప్లేటు మీద ముల్లు పెట్టగానే మొదట గరగర, తరువాత పాట. చుట్టూ చేరిన మాకు ఆ గరగర కూడా సంగీతమే. లగ్గానికి ఒక క్రమం ఉండేది. పందిట్లోకి తెల్లవారుజామున 'శ్రీకరులు దేవతలు', మగపెళ్ళివారి బండ్లు ఊరి పొలిమేర చేరాయన్న కబురు అందగానే 'చూపులు కలసిన శుభవేళ', బంతి లేచేటప్పుడు 'వివాహభోజనంబు', రాత్రి అప్పగింతలయ్యాక ముసలివాళ్ళు అరుగుల మీద కునుకు తీస్తుంటే 'లాహిరి లాహిరి'. ఇంతకు మించిన పురోహితుణ్ణి నేను చూడలేదు.

'లాహిరి' ప్లేటుకు ఒకచోట గీత పడింది. ముల్లు అక్కడికి రాగానే ఒక మాటను రెండుసార్లు పలికి ముందుకు దూకేది. ఊరంతా ఆ పాటను అలాగే నేర్చుకొంది! నాట్లు వేసే ఆడవాళ్ళు కూడా ఆ మాటను రెండుసార్లు పాడేవారు. పెద్దయ్యాక సిలోను రేడియో తెలుగు కార్యక్రమంలో అదే పాట విన్నప్పుడు, ఆ మాట ఒక్కసారే వినబడేసరికి వాళ్ళు తప్పు పాడారనుకొన్నాను. లేఖకుని పొరపాటు పాఠమై స్థిరపడటమంటే ఏమిటో పండిత శిక్షణలో గురువులు ఎంత వివరించినా, నాకది అంతకు ముందే మా వేపచెట్టు కింద బోధపడి ఉండినది. అందుకే దాన్ని ఇప్పటికీ 'చిన్నకోడూరు ప్రతి' అంటుంటాను.

పాత లక్క రికార్డు నిడివి మూడు, మూడున్నర నిమిషాలు. అంతకు మించిన పాట వచ్చిందంటే రెండు ముఖాలకూ పంచవలసిందే, లేదా ఏదో ఒకటి వదులుకోవలసిందే. ఘంటసాలవారు పాడిన పుష్పవిలాపం ప్లేటును ఒకవైపు విని, లేచి, తిప్పి వేసుకొన్నవాళ్ళు మీలో కొందరైనా ఉండే ఉంటారు. సినిమాలో ఉన్నదంతా ప్లేటు మీదికి ఎక్కదు. ఈ సత్యం నాకు తెలిసింది సిద్దిపేటలో మాయాబజారు మళ్ళీ వేసినప్పుడు. అప్పటికి ఆరవ తరగతిలోనో ఏడులోనో ఉన్నాను. పాటలన్నీ కంఠస్థం గనుక సినిమా మొత్తం తెలిసినట్లే అనుకొని బెంచీ మీద ధీమాగా కూర్చొన్నాను. తీరా చూస్తే మధ్యమధ్య పద్యాలు! ఘటోత్కచుడు గద భుజాన వేసుకొని పద్యమెత్తుకొంటే హాలు హాలంతా ఈలలు. మా మైకుసెట్టు ఆయన ఎన్నడూ వేయని పద్యాలు. ఆయన దగ్గర వాటి ప్లేట్లు లేవు మరి.

ఆ పూట తిరుగుబండిలో ఒక పద్యాన్ని జ్ఞాపకం తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించానో! రాగం నిలిచింది, మాటలు నిలవలేదు. అటువంటి తంటాలు పడి పడే తెలుగు పండితుణ్ణయ్యానని మా ఆవిడ వేళాకోళం చేస్తుంటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఇక సంగీతం మాట. చిత్రానికి సంగీత దర్శకులు ఘంటసాల అన్నది లోకప్రసిద్ధం. అయితే మొదట ఆ బాధ్యత తీసుకొన్నది సాలూరు రాజేశ్వరరావుగారు. నాలుగు పాటలకు బాణీలు కట్టి, ఆ తరువాత ఆయన తప్పుకొన్నారు. 'లాహిరి లాహిరి', 'చూపులు కలసిన శుభవేళ' ఆ నాలుగింటిలోనివే. ఘంటసాల వాటికి వాద్యగోష్ఠి సమకూర్చి, తామే పాడి, రికార్డు చేసి, మిగిలిన పాటలన్నిటికీ తాము బాణీలు కట్టారు.

ఈ సంగతి తెలిసిన నాటి నుండి నా మనస్సు నన్నయ వద్దకు పోతూ ఉంటుంది. అరణ్యపర్వం నడుమ నన్నయ గంటం ఆగింది. ఆగినది కూడా ఎక్కడ? శరద్రాత్రుల వెన్నెలను వర్ణిస్తూ! రాజేశ్వరరావుగారు వదలిపోయిన బాణీలలో ఒకటి, చిత్రంగా, వెన్నెల రేయిలో పడవ మీద పాడుకొనే పాట. ఆ మిగిలిన అరణ్యపర్వాన్ని పూరించినవాడు ఎఱ్ఱన. తన పేరుతో కాక, నన్నయ వ్రాసినట్లే, రాజరాజనరేంద్రునికి అంకితంగానే పూరించాడు. నన్నయ శైలితో మొదలుపెట్టి ఎక్కడ తన శైలిలోకి జారుకొన్నాడో కనిపెట్టడం పండితులకు ఒక వేడుక. మాయాబజారు పాటలను వరుసగా వింటూ అటువంటి అతుకు కోసం నేను యేళ్ళ తరబడి వెదికాను. నాకు దొరకలేదు. మోహనరాగపు 'లాహిరి' వెంటనే 'అహ నా పెళ్ళియంట' వేసి చూడండి. రెండు వేర్వేరు చేతులని ఎవరైనా చెప్పగలరా? ఇతరుల బాణీని తన గొంతులో, తన వాద్యాలలో అంత గౌరవంగా నిలబెట్టడం సామాన్యమైన సంస్కారం కాదు.

అయితే ఎఱ్ఱన పోలిక ఒకచోట ఆగిపోతుంది. ఆ ఇంగ్లీషు పిల్లల చిత్తుప్రతులు దొరికినట్లు రాజేశ్వరరావుగారు హార్మోనియం ముందు కూర్చుని ఆ నాలుగు పాటలను తామే పాడి వినిపించిన క్షణాలు మన చెవికి చేరలేదు. ఆయనే చివరిదాకా ఉండి ఉంటే ఘటోత్కచుని భోజనపు పాటకు ఏ నడక యిచ్చి ఉండేవారు? ఆ పాట పల్లవికి సురభి నాటకాల పూర్వరంగం ఉందంటారు. అంటే అది అప్పటికే జనం నోట నానినది. దానిని ఆయన అలాగే ఉంచేవారా, తమదైన మెత్తదనం అద్దేవారా? ఇవన్నీ మేము ముగ్గురం వాదించుకొనే విషయాలు. ముగ్గురమంటే మైకుసెట్టు ఆయన, పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరుగారు, నేను. ఆదివారం మధ్యాహ్నాలు పోస్టుమాస్టరుగారి వసారాలో మా సభ. మైకుసెట్టు ఆయనకు మాత్రం రాజేశ్వరరావు కథ మొదట మింగుడుపడలేదు. "ప్లేటు మీద ఏం రాసున్నదో అదే నిజం సారూ" అనేవాడు. ముద్రిత ప్రతియే ప్రమాణమని పట్టుబట్టే పండితుల వంటివాడే!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2010 జనవరి 30న మాయాబజారు రంగుల్లో విడుదలైంది. హైదరాబాదు సంస్థ ఒకటి ఎంతో శ్రమకోర్చి, ఒక్కొక్క చిత్రాన్నీ శుభ్రపరచి, రంగులు వేసి, ధ్వనిని నేటి హాళ్ళకు తగినట్లు మలచి తెచ్చింది. అప్పటికి నేను ఉద్యోగంలోనే ఉన్నాను. సెలవు పెట్టి మరీ హైదరాబాదు వెళ్ళి చూశాను. రంగులు వెగటుగా ఉంటాయేమోనని భయపడ్డాను గాని, ఆ భయం మొదటి పది నిమిషాల్లోనే తీరిపోయింది. శశిరేఖ చీర, ద్వారక మేడలు, ఘటోత్కచుని కిరీటం, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. నా ముందు వరుసలో కాలేజీ పిల్లలు 'అసమదీయులు', 'తసమదీయులు' అని ఒకరినొకరు పిలుచుకొని నవ్వుకొంటుంటే నాకు కళ్ళు చెమర్చాయి. పింగళివారు పుట్టించిన మాటలు యాభైమూడేళ్ళ తరువాత కుర్రవాళ్ళ నోట! దీనికి కారణమైనవారికి చేతులెత్తి నమస్కరించవలసిందే. ముందే ఈ మాట చెప్పి మరొక మాట చెబుతున్నాను.

'చూపులు కలసిన శుభవేళ' రాలేదు. వస్తుంది, వస్తుందని కూర్చొన్నాను. కథ దాటిపోయింది. 'భళి భళి దేవా' కూడా రాలేదు. పద్యాలు వచ్చాయి గాని ఎత్తుకొన్నంతలో ముగిసిపోయాయి. 'విన్నావటమ్మా'ను కూడా కురచ చేశారు. సాంకేతిక కారణాల వల్ల అలా చేయవలసి వచ్చిందని తరువాత తెలిసింది. ఆ యంత్రాల కష్టసుఖాలు నాకు తెలియనివి గనుక కాదనను.

కాని రాలినవి ఏవో గమనించారా? ఒకటి, రాజేశ్వరరావుగారి నాలుగు పాటలలోనిది. ఆయన వదలిపోయిన నాలుగింటిలో రంగుల ప్రతికి మూడే దక్కాయన్నమాట. రెండవది మరీ బాధ కలిగించేది. సుభద్రాభిమన్యులను రథం మీద అడవి దారిన తీసుకొనిపోతూ సారథి దారుకుడు పాడే పాట 'భళి భళి దేవా'. పాడినది మాధవపెద్ది సత్యంగారు. దారుకుడుగా తెర మీద కనిపించేదీ ఆయనే! ఘటోత్కచుని నోట 'వివాహభోజనంబు' పాడి ఎస్.వి.రంగారావుగారి భారీ విగ్రహానికి దీటైన గొంతు ఇచ్చిన మహానుభావుడు తన సొంత ముఖంతో, తన సొంత గొంతుతో కనిపించే పాట అది. గొంతు ఉంచి మనిషిని తీసివేసినట్లయింది. ఎవరూ ఉద్దేశించి చేసింది కాదని తెలిసినా నాకిది మింగుడుపడదు.

ఇక మూడవది పద్యం. కత్తెర పట్టుకొన్నవాడికి మొదట కనిపించేది పద్యమే. పాఠ్యపుస్తకం బరువైందంటే తగ్గించేది పద్యం, వార్షికోత్సవంలో సమయం చాలకపోతే ఆపేది పద్యం, సినిమా నిడివి పెరిగితే కురచయ్యేది పద్యం. ముప్పైయేళ్ళకు పైగా బడిలో పద్యం చెప్పినవాడిని గనుక నా గొంతులో కొంత ఉక్రోషం వినబడితే వినబడనివ్వండి. కె.వి.రెడ్డిగారు గడియారం చేతబట్టి ప్రతి దృశ్యానికీ ముందే నిడివి నిర్ణయించుకొనేవారని ప్రసిద్ధి. అటువంటి దర్శకుడు ఫలానా పద్యానికి ఇంత సేపు కావాలని ఇచ్చాడంటే, ఆ లెక్కలో కథ కూడా ఉంటుంది. ఘటోత్కచుడు వచ్చీ రాగానే కొట్లాటకు దిగడు. పద్యం పాడతాడు. పద్యం పాడే రాక్షసుడు గనుకనే వాడంటే మనకు భయం వేయదు, ముద్దు వేస్తుంది.

నిజానికి ఇందులో దుఃఖించవలసినంత లేదని మీరనవచ్చు. నలుపు తెలుపుల అసలు చిత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఫోనులోనే చూసుకోవచ్చు. నేనూ అలాగే సమాధానపడి ఉండేవాణ్ణి, మా మనుమరాలు లేకపోతే.

దాని వయస్సు ఎనిమిది. మాయాబజారు అంటే ప్రాణం. రంగుల ప్రతిని లెక్కలేనన్ని సార్లు చూసింది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నేను పొద్దున్నే పూలమొక్కలకు నీళ్ళు పోస్తూ 'చూపులు కలసిన' అందుకొన్నాను. "ఏం పాట తాతా అది?" అన్నది. మాయాబజారులోదే గదా అన్నాను. పకపకా నవ్వింది.

"అండ్ల ఆ పాట లేనేలేదు. నేను ఎన్నిసార్లు చూసిన! నువ్వు వేరే సినిమాది పాడుతున్నవ్."

అదీ సంగతి. పుస్తకంలో కాగితం చిరిగిపోతే అక్కడ ఏదో ఉండేదని చిరుగు చెబుతుంది. సినిమాలో పాట తీసివేసి చక్కగా అతికితే అక్కడ ఏమీ లేదనే తోస్తుంది. ఆ పిల్ల అబద్ధమాడటం లేదు. దాని మాయాబజారులో ఆ పాట లేదు. దాని ప్రతి అది. గీతపడ్డ 'లాహిరి' నా ప్రతి అయినట్లే.

ఆ మధ్యాహ్నం దానిని పక్కన కూర్చోబెట్టుకొని అసలు చిత్రం పెట్టాను. రంగు లేదని మొదట ముఖం ముడుచుకొంది. అరగంటకు ఆ విషయమే మరచిపోయింది. 'చూపులు కలసిన' వచ్చినప్పుడు నా వైపు చూసింది గాని ఏమీ అనలేదు. రథం పాట వచ్చింది. "ఈ రథం తోలేటాయన ఎవరు?" అన్నది. వివాహభోజనంబు పాడినది ఈయనే అని చెప్పాను. నమ్మలేదు. రాక్షసుడి గొంతు అంత లావు మనిషిదే అయి ఉండాలని దాని లెక్క. ఆ రెండు పాటలనూ ఒకదాని వెంట ఒకటి మూడుసార్లు వేయించుకొని, కళ్ళు మూసుకొని విని, చివరకు ఒప్పుకొంది. తరువాత అడిగింది, "మరి ఈయన్ను ఎందుకు తీసేసిన్రు?" అని. సాంకేతిక కారణాలని చెప్పాను. ఎనిమిదేళ్ళ పిల్లకు అది జవాబు కాదు. నాకూ కాదు గాని, నా దగ్గర ఉన్నది అదే.

ఆ సంక్రాంతి తరువాతనే మా ఆదివారపు సభకు ఒక పని కుదిరింది. రెండువందల పేజీల నోటుబుక్కు కొని నిలువునా గీతలు గీశాను. మొదటి గడిలో అసలు చిత్రంలో వరుసగా వచ్చే ప్రతి పాట, ప్రతి పద్యం, చివరకు నాలుగు పాదాల కూనిరాగం కూడా. రెండవ గడిలో అది ప్లేటు మీద ఉన్నదా లేదా. మూడవ గడిలో రంగుల ప్రతిలో ఉన్నదా, ఉంటే ఎంత. నాల్గవది, ముగ్గురిలో ఎవరికి నోటికి వచ్చు. ఈ నాల్గవ గడి పెట్టమన్నది పోస్టుమాస్టరుగారు. ఉత్తరాలకు చిరునామా వ్రాసుకొన్న చేయి గదా, ఏ పాట ఎవరి దగ్గర దిగిందో తెలియాలంటారు.

రెండవ గడి మైకుసెట్టు ఆయన పని. ఆయన ప్లేట్లలో చాలావరకు ఇల్లు కట్టేటప్పుడు పోయాయి. మాయాబజారువి మాత్రం ఇనుప పెట్టెలో, చీరగుడ్డ నడుమ మిగిలాయి. వాటిని వాయించే యంత్రం ఎప్పుడో పాడైపోయింది. అయినా ఆయన ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టి, గీతల దగ్గరితనం చూసి, ఇక్కడ పాట, ఇక్కడ ఒట్టి వాద్యం అని వేలితో చూపగలడు. ఇప్పుడు కుడిచెవి బొత్తిగా వినబడదు. ఎడమచెవి కొంత నయం. పాట వేసినప్పుడు తల పక్కకు వంచి, స్పీకరుకు దాదాపు ఆనించి వింటాడు. గీతపడ్డ చోటికి రాగానే, ఫోనులో గీత లేకపోయినా, ఆ మాటను రెండవసారి తానే అందిస్తాడు.

నోటుబుక్కులో ఇప్పటికి సగం పేజీలు నిండాయి. ఒక్కచోట మాత్రం చిక్కుపడింది. ఘటోత్కచుని పద్యాలలో ఒకదానిలో ఒక మాట పోస్టుమాస్టరుగారికి ఒక రకంగా, నాకు మరొక రకంగా వినబడుతున్నది. ఆయన పాఠం తీసుకొంటే యతి చెడుతుంది, కాబట్టి అది కాదన్నాను. "పింగళివారు మీ యతి కోసం వ్రాశారా, రంగారావుగారి నోటి కోసం వ్రాశారా?" అని ఆయన పోట్లాట. మైకుసెట్టు ఆయనను తీర్పు చెప్పమన్నాం. పద్యానికి ప్లేటు లేదు, కనుక తన చేతిలో ప్రమాణం లేదు. రెండుసార్లు ఎడమచెవితో విని, "ఇంకోసారి ఎయ్యుండ్రి" అన్నాడు. మళ్ళీ వేశాం. ఈ ఫోను స్పీకరుతో కాదని, పోస్టుమాస్టరుగారి అల్లుని దగ్గర ఉన్న పెద్ద స్పీకరు తెమ్మన్నాడు. వచ్చే ఆదివారం తెస్తారట. అంతదాకా ఆ గడిని ఖాళీగా ఉంచి, పెన్సిలుతో రెండు పాఠాలూ పక్కన వ్రాసిపెట్టాను.